గుర్రపుడెక్క వేరు, జమ్ము వేరు

ప్రతి ఏడూ అదే తంతు. ఇక కాలువలకు నీళ్లు వదులుతారనగా డ్రెయిన్ గట్టు మీదికి పొక్లెయిన్ వస్తుంది. గుర్రపుడెక్క, తుంగ, జమ్ము, కిక్కిస అన్నింటినీ కలిపి లాగి, గట్టు మీద కుప్పలు పోసి వెళ్లిపోతుంది. మొదటి పెద్ద వానకు ఆ కుప్పల్లో సగం మళ్లీ నీళ్లలోకి జారుతుంది. ఆగస్టు దాటేసరికి డ్రెయిన్ మీద మళ్లీ పచ్చచాప పరిచినట్టు ఉంటుంది. ఆ తర్వాత వాయుగుండం పడితే నీరు లాగక చేలు రోజుల తరబడి మునిగే ఉంటాయి. పని జరిగింది, బిల్లు అయింది, చేను మాత్రం పోయింది.

కొల్లేటికి మురుగు పోయే డ్రెయిన్ల వెంట వ్యవసాయం చేసే మేము ఈ తంతును ఏళ్ల తరబడి చూస్తున్నాం. తప్పంతా అధికారులదీ, కాంట్రాక్టర్లదీ అని చెప్పి తప్పించుకోలేం. "డ్రెయిన్లో ఉన్నదంతా పీకేయండి" అని అర్జీలు పెట్టింది మేమే. ఒక ఏడాది మా అర్జీ మన్నించి నీటి అంచు దాకా నున్నగా గీకించారు. సంతోషించాం. ఆ వానాకాలంలోనే గట్టు నాలుగు చోట్ల జారి డ్రెయిన్లో పడింది. మట్టిని వేళ్లతో పట్టుకున్న తుంగా కిక్కిసా లేకపోతే గట్టు ఎలా నిలుస్తుంది? ఖాళీ అయిన ఆ జాగాలోకి గుర్రపుడెక్కే ముందుగా వచ్చి కూర్చుంది.

అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు, నీళ్లలో పెరిగేదంతా కలుపు కాదని. తుంగ, జమ్ము, కిక్కిస మన నేల మొక్కలు. ఇవి అంచున ఉంటే అల తాకిడి గట్టుకు తగలదు. చేల నుంచి వచ్చే ఒండ్రును అక్కడే ఆపుతాయి, నీటిలో కలిసిన ఎరువును కొంత తాగేస్తాయి. కొర్రమీను గూడు కట్టుకునేది, నీటికోడి పిల్లల్ని దాచుకునేది వీటి మధ్యనే. మన పెద్దలు వీటితో చాపలు అల్లారు, పాకలు కప్పారు. కోసి వాడుకున్నారు కాబట్టే అవి హద్దులో ఉన్నాయి. ఇప్పుడు కోసేవారు లేక జమ్ము కూడా డ్రెయిన్ నడుమకు వస్తోంది. నడుమ ఉన్నదాన్ని తీయాల్సిందే, అంచున ఉన్నదాన్ని ఉంచాల్సిందే.

గుర్రపుడెక్క కథ వేరు. అది దక్షిణ అమెరికా నుంచి పూల అందం చూసి తెచ్చుకున్న మొక్క. ఎండ, ఎరువు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మనమే లెక్క వేసుకుందాం. జూన్ మొదట్లో ఒక్క సెంటు మేర వదిలేస్తే, సెప్టెంబరు చివరికి ఎనిమిది సార్లు రెట్టింపై 256 సెంట్లు, అంటే రెండున్నర ఎకరాలు. పువ్వు పూసి గింజ రాలిందంటే ఆ గింజ అడుగు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. దట్టంగా కమ్ముకుంటే నీటిలోకి గాలీ వెలుతురూ పోవు, చేప బతకదు.

దానికి మేత ఎవరు పెడుతున్నారు? పట్టణాల మురుగు, చెరువుల నుంచి వదిలే నీళ్లు, మన చేలలోంచి కొట్టుకుపోయే యూరియా, డీఏపీ. ఇందులో మన వాటా మనం ఒప్పుకోవాలి. వాన పడబోతుందని తెలిసీ బస్తా చల్లితే ఆ డబ్బు మన వరికి కాదు, డ్రెయిన్లో గుర్రపుడెక్కకు పోతుంది. ఈ నీరంతా చివరికి చేరేది కొల్లేటికే. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చిన సరస్సు అది. దాని నీరు సముద్రంలో కలవడానికి దారి ఉప్పుటేరు. అక్కడ గుర్రపుడెక్క అడ్డం పడితే వెనక్కి తన్నే నీరు మన చేలమీదికే వస్తుంది. కొల్లేరు బాగుండటం పక్షుల కోసమే అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

కొందరు మందు కొడితే సరి అంటున్నారు. కొట్టిన మందు గాలికి పక్కనున్న మినుము మీదా కూరగాయల మీదా పడుతుంది. గేదెలు తాగేవీ ఆ నీళ్లే. చచ్చిన మొక్క నీళ్లలోనే కుళ్లి చేపలకు గాలి లేకుండా చేస్తుంది. అది పీల్చుకున్న ఎరువంతా మళ్లీ నీళ్లలోనే కలిసి తర్వాతి పంటకు, అంటే తర్వాతి గుర్రపుడెక్కకు, బలమవుతుంది.

పూర్తిగా నిర్మూలిస్తామనే మాటలూ నమ్మనక్కర్లేదు. బెంగాల్‌లో 1936లోనే దీని కోసం చట్టం చేశారు. 1937 ఎన్నికల్లో ఇదే వాగ్దానం వినిపించింది. గుర్రపుడెక్క అక్కడ ఇప్పటికీ ఉంది. 1980లలో బెంగళూరులో దీన్ని తినే ముక్కుపురుగులను తెచ్చి వదిలారు. కొన్ని చెరువుల్లో బాగా పనిచేశాయి. అయితే వాటికి కదలని నీరు కావాలి, ఏళ్ల సమయం కావాలి. వరిలో కలుపు ఒక్కసారి తీసి ఊరుకోం కదా, ఇదీ అంతే.

అందుకే మన అర్జీలో మాట మార్చాలని మేము అంటున్నాం. మనం అడగాల్సినవి ఇవి:

తొలగింపు పని కాలువలు కట్టేసిన ఎండాకాలంలో, పువ్వు పూయకముందే మొదలవ్వాలి. వానాకాలంలో నెలనెలా మళ్లీ ఏరాలి, దానికి విడిగా డబ్బు కేటాయించాలి.

తీసినదాన్ని గట్టు మీద వదలకూడదు. దూరంగా చేర్చాకే బిల్లు ఇవ్వాలి.

రెండు అంచులా తుంగ, కిక్కిస ఉంచాలి. ఏది తీయాలో ఏది ఉంచాలో పని మొదలయ్యే ముందే ఊరి రైతులతో కలిసి గుర్తు పెట్టాలి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఉన్నది సంతకాలకే కాదు.

డ్రెయిన్లలోకి శుద్ధి చేయని మురుగు వదలడం ఆపాలి.

ఇక మన వంతు. ఎరువు విడతలుగా, అవసరమైనంతే వేద్దాం. తీసిన గుర్రపుడెక్కలో నూటికి తొంభై పాళ్లు నీరే. నాలుగు రోజులు వాడనిచ్చి, ముక్కలు చేసి, పేడతో కలిపి కుప్ప వేస్తే మంచి ఎరువు అవుతుంది. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోటుది మాత్రం వాడొద్దు, విషలోహాలను అది పీల్చుకుంటుంది.

ఈసారి పొక్లెయిన్ వచ్చిన రోజు ప్రతి ఊరి నుంచి పదిమంది రైతులైనా గట్టు మీద ఉండాలి. ఏది గుర్రపుడెక్కో ఏది జమ్మో డ్రైవరుకు మనమే దగ్గరుండి చూపిద్దాం.