బయాసింగు తెలియని చదువు

మన ప్రయోగశాలలో విద్యార్థి 741 ఐసీని అమర్చి, రెండు నిరోధకాలు కలిపి, లెక్క ప్రకారం ప్రవర్ధనం రాగానే రికార్డు పుస్తకం మూసివేస్తాడు. మార్కులు వస్తాయి. కాని ఆ నల్లని పెంకు లోపల ఏమి జరుగుచున్నదో అతనికి తెలియదు. ఇది సగము చదువే అని నా అభిప్రాయము.

సంకేతము రాకముందే ట్రాన్సిస్టరులో తగినంత ప్రవాహము నిలకడగా నడుస్తూ ఉండాలి. ఆ ఏర్పాటే బయాసింగు. ప్రవాహము మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా సంకేతపు అంచులు తెగిపోతాయి. పైగా ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే, అదే ప్రవాహానికి కావలసిన బేసు-ఎమిటరు వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 60 మిల్లీవోల్టుల తేడాకు ప్రవాహము పదింతలవుతుంది. కనుక బేసుకు స్థిరమైన వోల్టేజి ఇచ్చి ఊరకుంటే, ఉదయము పనిచేసిన వలయము మధ్యాహ్నపు టెండకు గతి తప్పుతుంది.

ఒకే సిలికాన్ పలకపై పక్కపక్కనే ఏర్పడిన రెండు ట్రాన్సిస్టర్లు కవలల వంటివి. వేడి పెరిగినా రెండూ ఒకే తీరున మారతాయి. అందుచేత ఒకదాని ప్రవాహాన్ని రెండవది అనుసరిస్తుంది. ఇదే కరెంట్ మిర్రర్. 1965లో 709ను రూపొందించిన రాబర్ట్ విడ్లర్, రెండవ ట్రాన్సిస్టరు ఎమిటరులో ఒక నిరోధకముంచి, పెద్ద ప్రవాహము నుండి అతి చిన్న ప్రవాహాన్ని రాబట్టే ఉపాయము కనిపెట్టాడు. 1968లో డేవిడ్ ఫుల్లగర్ రూపొందించిన 741లోనూ ఆ ఉపాయమే ఉన్నది. అటు 15, ఇటు 15 వోల్టుల సరఫరాతో 39 కిలో ఓముల నిరోధకము సుమారు 0.73 మిల్లీ ఆంపియర్లను నిర్ణయిస్తుంది. దాని ఆధారముగా, 5 కిలో ఓముల సాయముతో సుమారు 19 మైక్రో ఆంపియర్లు లభిస్తాయి. తొలి జత ట్రాన్సిస్టర్లు దానినే చెరిసగము పంచుకుంటాయి. ఈ ఉపాయము లేనిచో దాదాపు 15 లక్షల ఓముల నిరోధకము కావలసి వచ్చేది. దానికి ఆ చిన్న పలకపై చోటెక్కడిది?

ఐసీ సిద్ధముగా దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చును. వాడుక మాత్రమే తెలిసినవాడు కొనుగోలుదారుడుగానే మిగిలిపోతాడు. లోపలి కీలకము తెలిసినవాడే కొత్తది నిర్మించగలడు.

కళాశాల సంఘమువారికి నా మనవి ఒక్కటే. 741 ప్రయోగానికి ముందు, విడి ట్రాన్సిస్టర్లు రెండింటితో కరెంట్ మిర్రర్ కట్టించే ఒక్క ప్రయోగమును చేర్చండి. రెండవ ట్రాన్సిస్టరును విద్యార్థి వేళ్ళతో పట్టుకొనగానే మీటరు ముల్లు కదులుతుంది. ఖర్చు స్వల్పము; ఆ కదలిక నేర్పే పాఠము మాత్రము జీవితాంతము నిలుస్తుంది.