ఇరవయ్యారేళ్ళకి రీ-ఎంట్రీ!

సెకండ్ షో వదిలాక హన్మకొండ చౌరస్తాలో టీ తాగుతూ ఎప్పుడైనా తలెత్తి చూశారా? జూన్ నెలలో మబ్బు పట్టకపోతే ఉత్తరాన బాగా పైకి హంస నక్షత్రమండలం కనబడుతుంది. అందులో ఓ విలన్ వున్నాడు. పేరు వి404 సిగ్ని. వాడు మాత్రం కనబడడు. బ్లాక్ హోల్ మరి! బరువు మన సూర్యుడికి తొమ్మిది రెట్లు.

వాడి జంట ఓ మామూలు నక్షత్రం. ఆరున్నర రోజులకో చుట్టు. చూడ్డానికి డ్యూయెట్టే గానీ, పాపం దాని వంటిమీది వాయువంతా వీడు లాగేస్తున్నాడు. లాగింది వెంటనే మింగడు. చుట్టూ పళ్ళెంలా పేరుస్తాడు, ఏళ్ళ తరబడి! మన పాకాల చెరువు నిండి మత్తడి దూకినట్టు ఓనాడు హద్దు దాటుతుంది. పళ్ళెం వేడెక్కి వాయువు గబగబా లోపలికి జారుతుంది. కోటి డిగ్రీల వేడి, ఎక్స్ కిరణాల వాన! అన్నట్టు, ఆ వెలుగు పళ్ళేనిదే. గొయ్యిలోంచి ఏదీ రాదు.

1938లో, మన ‘మాలపిల్ల’ వచ్చిన యేడు, వాడు వెలిగితే కొత్త నక్షత్రమనుకున్నారు. మళ్ళీ 1989 మేలో, ‘గీతాంజలి’ రోజుల్లో. ఆ తర్వాత 2015 జూన్ 15న. మనమేమో ‘బాహుబలి’ కోసం రోజులు లెక్కపెడుతున్నాం!

నా బాధ అదీ. ఆ మినుకుమినుకులు చూడ్డానికి 20 సెంటీమీటర్ల దుర్భిణి చాలునని క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ‘నేచర్’ పత్రికలో రాశారు. దేశదేశాల ఔత్సాహికులు చూసి పంపిన లెక్కలు కూడా అందులో వున్నాయి. మన వూరి లెక్క లేదు. అలాంటి దుర్భిణి ఇక్కడే ఓ కాలేజీ బీరువాలో వుంది. వెళ్ళి అడిగాను. తాళంచెవి గల మాస్టారు సెలవులో వున్నారు! రెండు వారాల్లో ఆట ముగిసింది.

మన ఆస్ట్రోశాట్ శ్రీహరికోట నించి ఎగిరింది ఆ సెప్టెంబర్ 28న. మూడు నెలలు లేటు! 2018లో మాక్సి జె1820+070 అనే మరొకడు రెచ్చిపోయినప్పుడు మాత్రం వదల్లేదు లెండి.

మనల్నీ మింగేస్తాడా అని భయపడకండి. వాడున్నది సుమారు 7,800 కాంతి సంవత్సరాల దూరంలో. 2015లో మనకందింది అన్నేళ్ళనాటి పాత ప్రింటే!

తర్వాతి ఆట ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. దుర్భిణి ఇంకా ఆ బీరువాలోనే వుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో మొన్ననే కనుక్కున్నాను.