దగ్గుకి టీసీ ఎవరిస్తారు?

ఇంటికి బదిలీ ఉత్తర్వు రాగానే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బడిలో టీసీకి దరఖాస్తు, నాన్నగారి ఆఫీసులో ఎల్పీసీ, గ్యాస్ కనెక్షన్ కాగితం, చివరికి నల్ల ట్రంకుపెట్టెల మీద తెల్లరంగుతో కొత్త ఊరి పేరు. నేనూ ఈ పదకొండేళ్ళలో విశాఖపట్నం, బళ్ళారి, నాగ్‌పూర్, ఖరగ్‌పూర్ దాటి ధౌలా కువాన్ చేరాను. ఐదు ఊళ్ళలో ఒక్క కాగితమూ పోగొట్టుకోలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. మొన్న నవంబరులో ఆ గొప్ప కాస్తా దిగిపోయింది.

మాకు మూడున్నరేళ్ళ పాప ఉంది. మావారి ఉద్యోగం ఇంకా ఖరగ్‌పూర్‌లోనే. అంటే ఇక్కడ పాప, నేను, సగం విప్పిన అట్టపెట్టెలు. దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకి పాపకి రొంప పట్టింది, రెండో రోజుకి జ్వరం, మూడో రోజుకి రాత్రంతా దగ్గు. "నీళ్ళు మారాయి కదా, అలాగే ఉంటుంది" అంది మా అమ్మ ఫోన్లో. "ఢిల్లీలో చలికాలం అందరికీ ఇంతే" అంది పక్క క్వార్టర్స్ ఆంటీ. ఈ రెండు మాటలూ మీ ఇళ్ళలో కూడా వినే ఉంటారు. బదిలీ మీద తిరిగే కుటుంబాల్లో ఏ ఊరి మొదటి దగ్గుకైనా నీరు మారడమే కారణం. నిజంగా ఏం మారిందో, ఏది పాతదో వెతికే పని ఆ మాటతో తప్పిపోతుంది.

ఢిల్లీ గాలిని నేను వెనకేసుకు రావడం లేదు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్న మెట్రో స్టేషన్ నుంచి ధౌలా కువాన్ స్టేషన్‌కి పొడుగాటి నడకవంతెన ఉంది కదా, నవంబరు ఉదయాల్లో దాని మీద నిలబడితే ఎదురుగా ఉన్న రిడ్జ్ చెట్లు కనిపించని రోజులుంటాయి. ఏక్యూఐ 400 దాటితే దాన్ని "తీవ్రం" అంటారు. 2024 నవంబరులో ఆ అంకె మరీ పైకి పోయి బడులన్నీ ఆన్‌లైన్ అయిన సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అలాంటి గాలి చిన్నపిల్లల దగ్గుని ముదరబెడుతుంది, సందేహం లేదు. అయితే మా పాప దగ్గు ఢిల్లీలో పుట్టింది కాదు. మాతో పాటు రైలెక్కి ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. ఆ సంగతి నాకు ఐదో రాత్రి దాకా తెలియలేదు.

మొదటి క్లినిక్‌లో ఒక యాంటీబయాటిక్, ఒక జ్వరం మందు ఇచ్చారు. రెండు రోజులకి తగ్గలేదని ఇంకో క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ ఇంకో యాంటీబయాటిక్. మొదటి చీటీ చూపించలేదు, పర్సులో ఎక్కడో ఉండిపోయింది. వాళ్ళూ అడగలేదు. ఇది చాలదన్నట్టు, ఖరగ్‌పూర్ నుంచి తెచ్చిన మందుల డబ్బాలో సగం మిగిలిన జలుబు సిరప్ కనిపిస్తే అదీ మొదలుపెట్టాను. తెలుగు పాఠం చెప్పేటప్పుడు ప్రతి పదానికీ అర్థం అడుగుతాను కదా, ఆ సీసా మీదున్న చిన్న అక్షరాలు మాత్రం చదవలేదు.

ఐదో రాత్రి రెండు గంటలప్పుడు పాప డొక్కలెగరేయడం మొదలుపెట్టింది. అంటే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఎప్పుడో ఒక ఆరోగ్య శిబిరంలో నేర్చుకున్నది గుర్తొచ్చి, ఫోన్లో గడియారం పెట్టుకుని నిద్రలో ఉన్న పాప ఊపిరి ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. 48. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి నిమిషానికి 40 గాని అంతకు మించి గాని ఉంటే అది వేగంగా ఊపిరి తీయడమే. రెండు నెలలు నిండి ఏడాది లోపు పసివాళ్ళకి ఆ అంకె 50. పక్కింటి తలుపు కొట్టాను. ఆంటీ వాళ్ళ కారులో ఆసుపత్రికి పరుగెత్తాం.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చాలా చిన్నమ్మాయి. పాపకి నెబ్యులైజర్ పెట్టిస్తూ నన్ను ప్రశ్నలడిగింది. జ్వరం ఏ రోజు మొదలైంది? ఎంత దాకా వెళ్ళింది? ఇంతకు ముందు ఇలా పిల్లికూతలు వచ్చాయా? ఏ మందులు పడ్డాయి? పోయిన నెల బరువెంత? నాకు ఒక్కదానికీ సరైన జవాబు లేదు. "మంగళవారం... కాదు, సోమవారం" అన్నాను. పిల్లికూతలు ఎప్పుడూ రాలేదన్నాను. అది అబద్ధమని కూడా అప్పుడు నాకు తెలియదు.

సంచిలో ఉన్న సీసాలన్నీ బల్ల మీద పెట్టించి ఆవిడ ఒక్కొక్కటే చదివింది. ఆ జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉంది. జ్వరం మందు అదే పారాసిటమాల్. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు ఒకటే. మూడు రోజులుగా బిడ్డకి ఒకే మందు రెండు సీసాల్లోంచి పోస్తున్నాను. పైగా ఆ జలుబు సిరప్‌లో ఉన్న క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జంటని నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులోనే ప్రభుత్వం ఆదేశించింది. నా సీసా అంతకంటే పాతదో ఏమో, చూసే ధైర్యం లేకపోయింది. కాలేయం ఎలా ఉందో చూడటానికి రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా ఆ ఆసుపత్రి నడవాలో నేను కూర్చున్న మూడు గంటల గురించి రాయను. కాలేయానికి ఏమీ కాలేదు.

తెల్లారాక మావారికి ఫోన్ చేస్తే ఆయన, "అదేంటి, ఇక్కడ రెండుసార్లు మిషన్ పెట్టించాం కదా, వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి" అన్నారు. అక్కడ అందరూ దాన్ని "భాప్" అనేవారు. నేనేమో మామూలు ఆవిరి అనుకున్నాను. ఆ చీటీలు "వంటసామాను – 7" అని రాసిన అట్టపెట్టెలో, పోపులడబ్బా కింద దొరికాయి. అవి చూశాక డాక్టరమ్మ ఆలోచన మారింది. ఎక్స్‌రే బాగానే ఉంది. జ్వరం వైరస్ వల్ల వచ్చింది, దానంతటది ఏడో రోజుకి దిగింది. దగ్గు మాత్రం ఊపిరి గొట్టాలు మళ్ళీ మళ్ళీ బిగుసుకోవడం వల్ల. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కనుక అది ఆపేసి, స్పేసర్ గొట్టంతో ఇన్‌హేలర్ ఇచ్చారు. ("ఆ పంపు అలవాటైపోతుందేమోనే" అని మా అమ్మ ఇప్పటికీ బెంగపడుతుంది. కాదని రోజూ చెబుతున్నాను.) మొదటి రోజే ఆ రెండు చీటీలు చేతిలో ఉండుంటే ఈ ఐదు రాత్రులు ఉండేవి కావు.

అందుకే నా అభిప్రాయం: బదిలీ కుటుంబంలో చిన్నపిల్ల జబ్బుకి కూడా టీసీ ఉండాలి. దాన్ని రాయాల్సింది ఇంట్లో ఆరో తరగతి దాటిన మీరే.

"పిల్లల చేత పెద్దల పనులు చేయిస్తారా" అని స్టాఫ్‌రూమ్‌లో ఒక సహోద్యోగి అన్నారు. మందు ఇమ్మని నేననడం లేదు. మందు పెద్దవాళ్ళే ఇవ్వాలి, డాక్టరు చెప్పిందే ఇవ్వాలి. రాయడం మాత్రం అమ్మ కంటే మీకు సులువు. నిద్రలేని మనిషికి సోమవారం, మంగళవారం కలిసిపోతాయి. మీరు రాత్రి పడుకుని పొద్దున లేస్తారు, చేతిలో పెన్ను ఉంటుంది, సైన్సు ప్రయోగానికి పరిశీలనలు రాయడం ఎలాగూ వచ్చు. తమ్ముడి జ్వరం ఏ వేళకి ఎంత, ఊపిరి నిమిషానికి ఎన్ని (ఏడుస్తున్నప్పుడు కాదు, నెమ్మదిగా ఉన్నప్పుడు), నీళ్ళు తాగుతున్నాడా, మూత్రానికి వెళ్ళాడా, ఇంతే. మందు పేరు రాసేటప్పుడు పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, దాని పక్కన ఐదు మిల్లీలీటర్లకి ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకె కూడా ఎక్కించండి. జ్వరం సిరప్ 125లోనూ దొరుకుతుంది, 250లోనూ దొరుకుతుంది. "ఒక చెంచా పోశాను" అంటే డాక్టరుకి ఏమీ చెప్పినట్టు కాదు.

ఈ రాత ఎంత అవసరమో మన పక్క ఊరి కథే చెబుతుంది. 1998 వేసవిలో ధౌలా కువాన్ దాటి వెళ్ళే ఈ రోడ్డులోనే, అప్పుడు గుడ్‌గావ్ అనే గురుగ్రామ్‌లో, పసిపిల్లలు మామూలు జ్వరాలు, జలుబులతో చిన్న చిన్న క్లినిక్‌లకి వెళ్ళారు. తర్వాత మూత్రపిండాలు పాడై ఢిల్లీ ఆసుపత్రుల్లో చేరారు. ఏప్రిల్, జూన్ మధ్య అలా చేరిన 36 మందిలో 33 మంది చనిపోయారు. వాళ్ళకి ముందు ఏ మందులు పడ్డాయో తెలియకపోవడం ఆ డాక్టర్లకి పెద్ద చిక్కు అయింది. చివరికి ఇళ్ళలో మిగిలిన దగ్గు మందు సీసాలు తెప్పించి పరీక్షిస్తే అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం బయటపడింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో అదే విషం, అదే దగ్గు సిరప్ రూపంలో మళ్ళీ 20 మందికి పైగా పిల్లల్ని తీసుకుపోయింది. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా అవి తగవనీ సలహా ఇచ్చింది. అన్ని సీసాలూ విషమని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చిన్నపిల్లల మామూలు దగ్గు చాలావరకు మందు లేకుండానే తగ్గుతుంది, జ్వరం పోయాక కూడా రెండు మూడు వారాలు లాగుతుంది. కొంచెం కొంచెంగా గోరువెచ్చటి నీళ్ళు, ఏడాది దాటిన వాళ్ళకి పడుకునే ముందు కాస్త తేనె, ఆ రోజుల్ని దాటించడానికి చాలు. (ఏడాది లోపు పసివాళ్ళకి తేనె పెట్టనే కూడదు.) అయితే దగ్గో జ్వరమో రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష కూడా చేయించాలి. రెండు వారాలు దాటాయని తెలియాలన్నా మొదటి రోజు ఎక్కడో రాసి ఉండాలి కదా! ఇక డొక్కలెగరేసినా, ఏమీ తాగకపోయినా, తాగిందంతా కక్కేసినా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలక్కుండా మగతగా పడున్నా పుస్తకం ముందేసుకుని కూర్చోవద్దు. ఆ క్షణమే పెద్దవాళ్ళని లేపండి.

ఫోన్లో ఫోటోలు తీసుకుంటే చాలు కదా మేడమ్ అని పదో తరగతి వాళ్ళు అన్నారు. తీసుకోండి. ఇప్పుడు పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య కూడా ఉంది, ఆసుపత్రి కాగితాలు దానికి జతచేసుకోవచ్చు. కానీ సందు చివరి క్లినిక్‌లో చించి ఇచ్చిన చీటీ దానంతట అది అందులోకి ఎక్కదు. ఇక ఫోటో అంటారా, నా ఫోన్లో ఉన్న పదివేల ఫోటోల్లో ఖరగ్‌పూర్ చీటీ కూడా ఉందట. మావారు చెప్పారు. రాత్రి రెండింటికి నేను దాన్ని వెతగ్గలనా?

నా పుస్తకం వంద పేజీల మామూలు నోటుబుక్కు. దాన్ని టీకాల కార్డుతో కలిపి, టీసీలు పెట్టే ఫైల్లోనే ఉంచాను. అట్టపెట్టెల్లోకి వెళ్ళదు, నా భుజం సంచిలోనే ప్రయాణం చేస్తుంది. క్లాసులో ఈ సంగతంతా చెప్పిన వారానికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన తమ్ముడి పుస్తకం తెచ్చి చూపించింది. గీతలు కొట్టి, తేదీలు వేసి, చాలా శ్రద్ధగా రాసింది. మొదట్లో నాలుగు పేజీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఎందుకమ్మా అని అడిగాను.

"వాడు పుట్టినప్పుడు మేము జోర్హాట్‌లో ఉన్నాం మేడమ్. అమ్మనడిగి రాయాలి" అంది.