శాలువా తర్వాత, ముందు కథ అడగండి

ఒక నవలను సినిమాగా తీస్తున్నారని తెలిస్తే దాని అభిమానులు మొదట అడిగేది ఒకటే: రచయితను అడిగారా? తాము ప్రేమించిన పాత్ర తెర మీద వేరే మనిషిగా కనిపిస్తే వాళ్ళకు బాధ కలుగుతుంది. ఇది న్యాయమైన కోరిక, చట్టం కూడా దీన్ని గుర్తించింది. రచయిత హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా, తన రచనను వక్రీకరించి పరువుకు నష్టం చేస్తే కోర్టుకు వెళ్ళవచ్చని 1957 కాపీరైటు చట్టంలోని సెక్షన్ 57 చెబుతోంది. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన 'ఆప్‌కా బంటీ' నవల మీద తీసిన సినిమా విషయంలో అలాగే వెళ్ళారు. హక్కులు కొన్నంత మాత్రాన రచనను ఇష్టం వచ్చినట్టు వంకర తిప్పకూడదని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

మరి కాగితం మీద పుట్టని కథ సంగతేమిటి? దాని రచయిత ఎవరు? అతణ్ణి అడగాలని ఎవరు పట్టుబడతారు?

మన కథలు గొంతులో పుట్టి గొంతులో పెరిగాయి. గోండుల దేవతల కథలు పర్ధానుల కీక్రి మీద బతికాయి. కోయల సమ్మక్క సారలమ్మ కథలు డోలి కళాకారుల పాటలో బతికాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయ వీరుల కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన నోట నిలిచిన కథను రేపు ఎవరో తీసుకుని తోచినట్టు మార్చితే ఏ సెక్షన్ కింద అడగాలి? కథ తరతరాలది కాబట్టి కర్త లేడంటారు. కర్త లేడు కాబట్టి అడగనక్కరలేదంటారు. మేము ఒప్పుకోనిది ఈ లెక్కనే. తరతరాలది అంటే కర్త లేడని కాదు, ఒక జాతి అంతా కర్త అని.

కొమురం భీం విషయంలో జరిగింది చూడండి. 2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' విడుదలైంది. భీమూ అల్లూరి సీతారామరాజూ ఢిల్లీలో కలుసుకుని స్నేహితులైనట్టు అల్లిన కథ అది. ఇది కల్పన అని తీసినవాళ్ళే ముందు చెప్పారు. సినిమా బాగుందా లేదా అన్నది ఇక్కడ మా ప్రశ్న కాదు. మన పిల్లలు కూడా ఈలలు వేసి చూశారు. ప్రపంచం 'నాటు నాటు'కు ఆస్కార్ ఇచ్చింది. మా ప్రశ్న వేరే. అసలు భీం పోరాడింది నిజాం సర్కారు అటవీ అధికారులతో, జాగీర్దార్లతో. అడిగింది పన్నెండు గూడేల భూమి, అడవి, నీరు. ఆయన 1940లో జోడేఘాట్ కొండల్లో తూటాలకు నేలకొరిగాడు. సినిమాలో భీం పోరాటం తెల్లదొరలు ఎత్తుకుపోయిన ఒక చిన్నపిల్లను వెనక్కి తెచ్చుకోవడంగా మారింది. పేరు మిగిలింది, పోరాటం పోయింది.

ఉపాధ్యాయులుగా మమ్మల్ని ఎక్కువగా పొడిచింది ఆఖరి ఘట్టం. ఏం కావాలని రాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. చదువు కోరడంలో తప్పేమీ లేదు, మేము బతికేదే చదువు చెప్పి. కానీ మైదానం నుంచి వచ్చినవాడు గురువు, అడవి మనిషి శిష్యుడు అనే పాత బొమ్మే మళ్ళీ అక్కడ నిలబడింది. భీం చాందా వైపు, అస్సాం తేయాకు తోటల్లో గడిపిన రోజుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవిత కథలు చెబుతున్నాయి. భీం మరణించిన కొద్ది ఏళ్ళకే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం నడిచింది, గోండి వాచకాలు వచ్చాయి. జోడేఘాట్‌లో ఒక పూట కూర్చుని పెద్దలను అడిగి ఉంటే ఆ ఘట్టం అలా రాసేవారు కాదేమో. అల్లం రాజయ్య, సాహు 'కొమురం భీం' నవల రాసినప్పుడు గూడేలకు వెళ్ళి పెద్దల మాట విన్నారు. అంటే వినడం కుదరని పనేమీ కాదు.

అడగాలన్న మాట అప్పుడు బయటికి రాలేదా అంటే, వచ్చింది. 2020 అక్టోబరులో భీం పాత్ర టీజర్ వచ్చినప్పుడు ఆదిలాబాద్ నుంచి అభ్యంతరాలు లేచాయి. కానీ రెండు రోజుల్లోనే గొడవంతా ఆ పాత్ర పెట్టుకున్న టోపీ చుట్టూ తిరిగింది. థియేటర్లు తగలబెడతామని రాజకీయ నాయకులు బెదిరించారు. మన నీళ్ళూ అడవీ భూమీ ఆ రగడలో ఎవరికీ గుర్తు రాలేదు. మన ప్రశ్నను ఇంకొకరు తమ జెండాకు కట్టుకుపోతే నష్టపోయేది మనమే. 2022లో సినిమా మీద వేసిన పిటిషన్‌ను తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. దానికి మేము కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. సినిమా ఆపమని మేము అడగడం లేదు. తీసేముందు అడగమంటున్నాం.

మేము పనిచేసే ఈ ఉండి ప్రాంతంలో ఇదే సంగతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు మోగల్లు ఈ ఉండి నియోజకవర్గంలోదే. ఇక్కడ ప్రతి పిల్లవాడికీ ఆయన పేరు తెలుసు, కృష్ణగారి 1974 సినిమా డైలాగులు తెలుసు. ఆయన గొప్పతనాన్ని మేము తగ్గించడం లేదు. మన్యం కోసం ప్రాణమిచ్చిన మనిషి మనకూ పూజ్యుడే. కానీ 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడినవాళ్ళలో గాం గంటందొర, గాం మల్లుదొర ఉన్నారు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ పేర్లు ఎంతమంది పిల్లలకు తెలుసు? 2022 జులై 4న భీమవరంలో ప్రధానమంత్రి ముప్పై అడుగుల అల్లూరి విగ్రహం ఆవిష్కరించినప్పుడు మల్లుదొర కుటుంబానికి కూడా సన్మానం జరిగింది. సంతోషమే. కానీ శాలువా కప్పడం వేరు, కథ అడగడం వేరు. మన పెద్దలను వేదిక మీదికి పిలుస్తున్నారు గానీ, కథ రాసేటప్పుడు పిలవడం లేదు.

కొల్లేరు గట్ల మీదా, ఆకివీడు వైపూ ఉన్న ఎరుకల, యానాది పిల్లలది ఇంకో బాధ. వాళ్ళకు తెర మీద వీరుడు కూడా లేడు. సోది చెప్పే ఎరుకలసాని ఒక నవ్వులాట వేషంగా వచ్చిపోతుంది. ఆ వేషం కట్టేముందు ఒక ఎరుకల అవ్వను ఎవరైనా అడిగి ఉంటారా?

దీనికి వచ్చే ఎదురుమాటలు మాకు తెలుసు. వీరులు అందరివాళ్ళు అంటారు. అవును, అందరివాళ్ళే. అందరిదైన చెరువులో చేపలు పట్టేవాడు కూడా ఊరిని అడిగే వల వేస్తాడు. కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలంటారు. ఉండాలి. అడిగి విన్నంత మాత్రాన స్వేచ్ఛ పోదు, తెలిసినవాడి స్వేచ్ఛకు బలం ఎక్కువ. ఎవరిని అడగాలి, ఆదివాసులు ఒక్క మాట మీద ఉంటారా అంటారు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంప్రదాయాలనూ సాంస్కృతిక గుర్తింపునూ కాపాడే అధికారం గ్రామసభకు ఉందని చెప్పింది. అడగాలనుకున్నవాడికి తలుపు అక్కడ ఉంది.

ఇలా జరిగిన చోటు కూడా ఉంది. ఉత్తర ఐరోపాలో రెయిన్‌డీర్లను పెంచే సామీ అనే ఆదివాసీ జనం ఉన్నారు. 'ఫ్రోజెన్ 2' తీసేటప్పుడు డిస్నీ సంస్థ సామీ పార్లమెంట్లతో, సామీ కౌన్సిల్‌తో ఒప్పందం చేసుకుంది. సామీ నిపుణుల బృందం సలహాలిచ్చింది. 2019లో ఆ సినిమా సామీ భాషలోనూ వచ్చింది. అడిగినందువల్ల సినిమా ఆగలేదు, లాభాలూ తగ్గలేదు. మన భీం సినిమా విడుదలైన ఐదు భాషల్లో భీం మాట్లాడిన గోండి లేదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. మన వీరుల మీద, దేవతల మీద సినిమా, పాఠం, నాటకం ఏది రాసినా ముందు ఆ గూడెం గ్రామసభలో కూర్చుని చెప్పాలి, వినాలి. కథ చెప్పిన పెద్దల పేర్లు తెర మీద వేయాలి, వచ్చినదానిలో భాగం ఇవ్వాలి. మన భాషలో కూడా ఆ సినిమా రావాలి. గిరిజన సంక్షేమ శాఖ ఇందుకు నియమాలు పెట్టాలి.

యువ మిత్రులారా, ఉపాధ్యాయ మిత్రులారా, బయటివాళ్ళను అడిగేముందు మన చేతిలో ఉన్న పని కూడా చేద్దాం. మీ ఫోన్లలో మీ తాతల, అవ్వల కథలు రికార్డు చేయండి. చెప్పినవారి పేరు, ఊరు, భాష, తేదీ, ఆ రోజు ఎవరెవరు విన్నారో రాసి పెట్టండి. బడిలో ఒక నోటుపుస్తకం దానికోసం ఉంచండి. అల్లూరి పాఠం చెప్పే రోజున గంటందొర, మల్లుదొరల పేర్లు బోర్డు మీద రాయండి. జోడేఘాట్‌లో భీం వర్ధంతి నేటికీ ఆశ్వయుజ పౌర్ణమి నాడే జరుగుతుంది. చచ్చిన రోజును క్యాలెండరు చూడకుండా చంద్రుణ్ణి చూసి గుర్తుంచుకున్న జనం వాళ్ళు. ఆ జ్ఞాపకానికి రచయిత ఎవరని ఇంకా అడిగేవాడికి, రాసి ఉన్న ఆ నోటుపుస్తకం తెరిచి పేర్లు చూపిద్దాం.