కెమెరా మన కాలనీ దాకా రావాలి



చదివే ముందు ఒక చిన్న పని చెయ్యండి. మీ ఇంట్లో షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు ఎవరున్నారో గుర్తు తెచ్చుకోండి. అమ్మో, మావయ్యో, పెద్దమ్మో ఉంటారు. వాళ్లని ఇలా అడగండి: "నీ కంట్లో చుక్కలేసి, లైటు పెట్టి లోపలికంటా చూశారా ఎవరైనా? కంటి వెనక ఫోటో తీశారా ఎప్పుడైనా?" గోడకి తగిలించిన అట్ట మీద అక్షరాలు చదివించడం గురించి నేను అడగట్లేదు. మా కాలనీలో నేను అడిగితే ఎక్కువమంది చెప్పిన జవాబు ఒకటే: "అద్దాలిచ్చారు కదయ్యా."

మా బాబాయి కూడా అదే అన్నాడు. నాలుగేళ్ల కిందట మా దగ్గర్లో ఒక ఉచిత కంటి క్యాంపు పెట్టారు. పొద్దున్నే వెళ్లాడు. అక్షరాలు చదివాడు (గుర్తులున్న అట్టలెండి, ఆయనకి చదువు రాదు), దగ్గరి చూపుకి కళ్లజోడు ఇచ్చారు, "కళ్లు బాగున్నాయి, వెళ్లు" అన్నారు. షుగర్ ఉందా అని అడిగారు, ఉందన్నాడు, రాసుకున్నారు. అంతే. చుక్కల్లేవు, లోపల చూడ్డం లేదు. ఆయనకప్పటికే ఎనిమిదేళ్ల నుంచి షుగర్. పని చేపల చెరువు మీద రాత్రి కాపలా.

ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున కుడి కంట్లో నల్లటి దారాలు తేలుతున్నాయన్నాడు. వల పోగు కంట్లో పడిందేమో అని నీళ్లు కొట్టుకున్నాడు. తర్వాత "పొర వచ్చిందిలే, ఆపరేషన్ చేస్తే పోద్ది" అనుకున్నాడు. చెరువు పట్టుబడి అయ్యాక చూపించుకుందాం అని రెండు నెలలు ఆగాడు. మేం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి కంటి లోపల నెత్తురు నిండిపోయింది, వెనక పొర ఊడిపోయి ఉంది. ఆ కన్ను పోయింది. ఎడమ కన్నుకి లేజర్ చేశారు, అది నిలబడింది. ఒంటి కన్నువాడికి రాత్రి కాపలా ఎవరిస్తారు? ఆ పని పోయింది, దాంతోపాటు చెరువు గట్టు మీదున్న గుడిసె కూడా పోయింది. పదో తరగతి చదువుతున్న చెల్లి ఇప్పుడు నిమ్మకాయల కోతకి వెళ్తోంది.

ఆ క్యాంపువాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఎండలో నిలబడి ఊరందర్నీ చూశారు. కానీ వాళ్లు వెతికింది ఒకటి, మా బాబాయి కంట్లో ఉన్నది ఇంకొకటి.

ఇది అర్థం కావాలంటే జబ్బు సంగతి కొంచెం తెలియాలి. కంటి వెనక గోడకి రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. మనం చూసే ప్రతి బొమ్మా పడేది దాని మీదే. దానికి నెత్తురు అందించే నాళాలు వెంట్రుకల కన్నా సన్నం. ఏళ్ల తరబడి నెత్తుట్లో షుగర్ ఎక్కువుంటే ఆ నాళాల గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడా ఉబ్బుతాయి, కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. నెత్తురు అందని చోట కొత్త నాళాలు మొలుస్తాయి. అవి పుచ్చు నాళాలు, ఎప్పుడు చిట్లుతాయో తెలీదు. ఇదంతా జరుగుతున్నంతకాలం నొప్పి ఉండదు, మంట ఉండదు, చూపు కూడా చాలావరకు తగ్గదు. సూదిలో దారం ఎక్కించే మనిషి రెటీనా కూడా అప్పటికే సగం పాడై ఉండొచ్చు. తేడా తెలిసే రోజుకి ఆలస్యమైపోతుంది. అందుకే చూపు మందగించేదాకా ఆగొద్దు, షుగర్ అని తేలిన రోజే రెటీనా చూపించుకుని ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలని డాక్టర్లు చెబుతారు. చిన్న వయసులో వచ్చి మొదట్నుంచీ ఇన్సులిన్ మీదే బతికే రకానికి మాత్రం ఐదేళ్ల తర్వాత మొదలుపెట్టొచ్చు. షుగర్ ఉన్న ఆడపిల్ల కడుపుతో ఉంటే మరీ జాగ్రత్త, ఆ నెలల్లో ఇది తొందరగా ముదురుతుంది.

"షుగర్ డబ్బున్నోళ్ల జబ్బు కదా అన్నా, మనకెక్కడిది?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఆ రోజులు పోయాయి తమ్ముడూ. ఐసీఎంఆర్ దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో వచ్చింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని తేల్చింది. మన తాతలు తిన్నదేంటి? కాలవ చేప, ఎండ్రకాయ, పొలంలో పట్టిన ఎలుక, దుంపలు, తేనె. తిరుగుడు ఎక్కువ, తిండి తక్కువ. మనం తినేదేంటి? మూడు పూటలా రేషన్ బియ్యం, ఆ మధ్యలో టీలు. మంగళగిరి కొండ మీది పానకాల స్వామి కూడా పోసిన పానకంలో సగమే తాగి సగం వెనక్కిస్తాడంటారు. మనం గ్లాసు అడుగున మిగిలిన పంచదార కూడా వేలితో నాకేస్తాం.

కేంద్ర ప్రభుత్వం తరఫున 2015-19లో జరిగిన సర్వేలో 50 ఏళ్లు దాటిన షుగర్ పేషెంట్లలో 16.9 శాతం మందికి రెటీనా దెబ్బతిన్నట్టు కనిపించింది. అంటే ఆరుగురిలో ఒకరు. మీ కాలనీలో బిళ్లలు వేసుకునేవాళ్ల పేర్లు ఆరు రాసి చూడండి.

ఇప్పుడు మన ఊరి సంగతికొద్దాం. మంగళగిరిలో పాత టీబీ శానటోరియం స్థలంలో ఎయిమ్స్ కట్టారు. 2024 ఫిబ్రవరి 25న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. హైవే మీద గుంటూరు వైపు వెళ్తే పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. కృష్ణ దాటి విజయవాడ పక్కన తాడిగడపకి వెళ్తే ఎల్.వి. ప్రసాద్ వాళ్ల ఆసుపత్రి. మన్యంలో ఉండే మన అన్నదమ్ములు ఈ జాబితా చూస్తే కుళ్లుకుంటారు. మరి ఇన్ని పెద్దాసుపత్రుల మధ్య కాలవ గట్ల మీద బతికే యానాదులకీ ఎరుకలవాళ్లకీ కళ్లు ఎందుకు పోతున్నాయి?

కిలోమీటర్లు లెక్కేస్తే మనం దగ్గరే. రోజు కూలి లెక్కేస్తే దూరం. పొద్దున ఏడింటికి లైన్లో నిలబడితే మధ్యాహ్నానికి పిలుపొస్తుంది. చుక్కలేశాక నాలుగైదు గంటలు మసకే. వెలుతురు చూడలేం, ఒంటరిగా రోడ్డు దాటలేం. కాబట్టి తోడు ఒకరు రావాలి, రెండు కూలీలు పోతాయి. ఆధార్ అడుగుతారు, మనవాళ్లలో ఇప్పటికీ ఆధార్ లేని కుటుంబాలున్నాయి. ఫోన్ నంబర్ అడుగుతారు. ఇది వినండి, నేను కళ్లారా చూశాను: మావాళ్లు ఐదారుగురు ఒకే నంబర్ రాయించారు. ఎవరిదా అని చూస్తే చెరువు యజమానిది! "రెటీనాలో తేడా ఉంది, వెంటనే రండి" అని ఆసుపత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఆయన. పట్టుబడి రోజుల్లో ఆ మాట మనిషికి చేరుతుందా?

ఇంకోటి. గిరిజన సంక్షేమం అనగానే ప్రభుత్వానికి పాడేరు, రంపచోడవరం గుర్తొస్తాయి. రావాలి, అక్కడి కష్టం వేరు. కానీ 2011 జనాభా లెక్కల్లో యానాదులే ఐదు లక్షలకు పైనున్నారు, వాళ్లలో ఎక్కువమంది మైదానంలోనే. యానాదుల కోసమని పెట్టిన ఐటీడీఏ ఆఫీసు నెల్లూరులో ఉంది. కృష్ణా డెల్టాలో చెల్లాచెదురుగా పది ఇళ్లు ఇక్కడ, ఇరవై ఇళ్లు అక్కడ ఉండే మనం ఏ అధికారి మ్యాపులో చుక్కగా పడతాం?

కంటి పథకాలు రాలేదా అంటే వచ్చాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. మన దగ్గర 2019 అక్టోబరు 10న అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది, ముందు బడి పిల్లలకి, తర్వాత అవ్వాతాతలకి. అంతకుముందు 2018లో సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ముఖ్యమంత్రి ఇ-ఐ కేంద్రాలని పెట్టి, రెటీనా ఫోటో తీసి దూరాన ఉన్న డాక్టరుకి పంపే పద్ధతి కూడా తెచ్చారు. ఆలోచన మంచిదే. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది, పేరు మారుతుంది. మన అమ్మల రెటీనాకి పార్టీలతో పనేంటి? అద్దాలు పంచితే లెక్క కనిపిస్తుంది, ఇన్ని లక్షల కళ్లజోళ్లు అని పేపర్లో వేస్తారు. గుడ్డివాడు కాకుండా ఆగిన మనిషి ఏ లెక్కలోనూ కనపడడు, ఫోటోకి దండ వెయ్యడానికీ పనికిరాడు.

బయట మనలాంటి మూలవాసులకి ఏం చేశారో చూడండి. అమెరికాలో రెడ్ ఇండియన్లని మనం పిలిచే ఆదివాసీల్లో షుగర్ చాలా ఎక్కువ. అక్కడి ఇండియన్ హెల్త్ సర్వీస్ 2000 తర్వాత ఒక పద్ధతి పెట్టింది. షుగర్ బిళ్లలు తీసుకునే క్లినిక్కులోనే టెక్నీషియన్ ఫోటో తీస్తాడు, ఫీనిక్స్‌లో కూర్చున్న నిపుణులు చూసి రిపోర్టు పంపుతారు. ఆస్ట్రేలియాలో 2016 నవంబరు 1 నుంచి మామూలు క్లినిక్కులో తీసే రెటీనా ఫోటోకి ప్రభుత్వమే డబ్బు కడుతోంది. మిగతావాళ్లకి రెండేళ్లకోసారి, ఆదివాసీలకి ప్రతి ఏడాదీ. ముప్పు ఎక్కువున్నవాళ్లకి ఎక్కువసార్లు అని చట్టంలోనే రాసుకున్నారు. ఇంగ్లండులో 2003 నుంచి షుగర్ ఉన్నవాళ్లందరికీ పిలిచి మరీ ఫోటో తియ్యడం మొదలుపెట్టారు. పనిచేసే వయసువాళ్ల చూపు పోవడానికి అక్కడ యాభై ఏళ్లుగా మొదటి కారణంగా ఉన్న ఈ జబ్బు ఆ స్థానం నుంచి దిగిపోయిందని 2014లో ఒక పరిశోధన చెప్పింది.

మన దగ్గర పరికరం లేదా? బెంగళూరులోనే ఫోనుతో పనిచేసే రెటీనా కెమెరాలు తయారవుతున్నాయి. ఫోటో చూసి జబ్బు పట్టే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి 2016లో గూగుల్ వాళ్లు ప్రకటించినప్పుడు, దానికి నేర్పించిన ఫోటోల్లో అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ అనే మూడు మన దేశపు ఆసుపత్రులవీ ఉన్నాయి. మన దేశపు కళ్లతో మిషన్ చదువుకుంది. మన కాలనీకి రావడానికి మాత్రం దానికి దారి తెలీదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టేటప్పుడు ఆ దీవిలోని యానాదులు చోటు ఖాళీ చేశారు. ఆకాశంలోకి వెళ్లే దారికి మనం చోటిచ్చాం. మన గుడిసె దాకా వచ్చే దారి మనకి బాకీ.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. కెమెరా సాయంత్రం పూట కాలనీకి రావాలి. ఇది మన సౌకర్యం కోసమే కాదు, పనికీ మంచిదే: చీకటి గదిలో కంటిపాప దానంతటదే పెద్దదవుతుంది, చాలామందికి చుక్కలు లేకుండానే ఫోటో వస్తుంది. చుక్కలు తప్పనిసరైనా రాత్రి పడుకుంటే తెల్లారేసరికి మసక పోతుంది, కూలి పోదు. చర్చి వరండా అయినా, రామాలయం అరుగు పక్క గది అయినా, అంగన్‌వాడీ అయినా దుప్పటి కడితే చీకటి గదే. నాట్లప్పుడు, చెరువు పట్టుబడులప్పుడు రావొద్దు, మనుషులు దొరకరు. బిళ్లలిచ్చే 104 బండితో పాటే వస్తే ఇంకా మేలు. ఆధార్ లేదని ఎవర్నీ వెనక్కి పంపకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫోటో తీసి వదిలెయ్యకూడదు. తేడా ఉందని తేలిన ప్రతి మనిషి పేరుకీ ఎదురుగా లేజరో ఇంజెక్షనో అయ్యేదాకా ఆ గడి ఖాళీగా కనపడుతూ ఉండాలి. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బండి, తోడుకి ఒక రోజు కూలి ఇవ్వాలి. చికిత్స లేని పరీక్ష మనిషికి బెంగ తప్ప ఏమివ్వదు.

ఇందులో మనం చెయ్యాల్సిన పని కూడా ఉంది. "లేజర్ కొడితే ఉన్న చూపు కూడా పోద్ది" అనే మాట మా కాలనీలో బాగా తిరుగుతోంది. ఆలస్యంగా వెళ్లినవాళ్లకి లేజర్ తర్వాత కూడా చూపు తగ్గడం చూసి పుట్టిన మాట అది. లేజర్ పోయిన చూపు తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇది ముందే చెప్పకపోతే తర్వాత ఎవరూ రారు. అలాగే పొడపత్రి నమిలితే షుగర్ పోతుందని మన పెద్దలు నమ్ముతారు. ఆకుల గురించి వాళ్లకున్నంత తెలివి నాకు లేదు, వాళ్లతో వాదించను. ఆకు నమలండి, బిళ్ల మానొద్దు, ఫోటో తీయించుకోండి అని మాత్రం చెబుతాను. వాదిస్తే మూడూ మానేస్తారు.

మన కమిటీలోనే ఒకన్న అన్నాడు: "ఇంటి పట్టాల్లేవు, వెట్టి పోలేదు, ఇప్పుడు కళ్ల గొడవేంట్రా?" అన్నా, నువ్వన్నదాంట్లో తప్పులేదు. కానీ మా బాబాయికి పని పోయింది, నీడ పోయింది, కూతురి చదువు పోయింది, మళ్లీ అప్పు కోసం అదే చెరువు యజమాని గడప తొక్కాడు. వెట్టిలోకి దిగే మెట్లలో ఇదీ ఒకటి. నేను పట్టా అర్జీ పక్కన పెట్టమనట్లేదు, దాని వెనకే ఇంకో కాగితం పెట్టమంటున్నాను.

మా కాలనీ జాబితా రాయడం మొదలైంది. పేరు, వయసు, షుగర్ ఎన్నేళ్ల నుంచి, రెటీనా చూశారా లేదా, ఇంట్లో చదువుకున్న పిల్లల ఫోన్ నంబరు. యజమాని నంబర్ ఎక్కడా రాయనివ్వలేదు. మీరూ మీ కాలనీలో ఇలాగే రాయండి, రెండు ఆదివారాలు చాలు. ఆశ అక్కని కలుపుకోండి, ఆమె దగ్గర షుగర్ ఉన్నవాళ్ల పేర్లు కొన్ని ముందే ఉంటాయి. మాది పూర్తి కాగానే సోమవారం గుంటూరు కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి పట్టుకెళ్తాం. బాబాయి కూడా వస్తానన్నాడు. "ఆ కలెక్టరుగారికి నా రెండు కళ్లూ చూపిస్తాను, ఏది ఎందుకు పోయిందో ఆయనే చెబుతాడు" అంటున్నాడు.