ఇల్లు అమ్మే ముందు ఫైలు తెరవండి

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ గురించి రాస్తే, ఇద్దరు ముగ్గురు పాఠకులు ఫోను చేసి ఇలాంటివే రాయమన్నారు. ఈసారి మా ఇంటి సంగతే రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది కనుక కొంచెం తటపటాయించాను. మా అక్కయ్య కొడుకే "రాయండి మామయ్యా, ఇంకొకరికి పనికొస్తుంది" అన్నాడు.

2023లో ఒక శనివారం సాయంత్రం వాడు హోసూరు నుంచి బెంగుళూరు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఇంటి దస్తావేజులు. వాడి ఏడేళ్ళ కొడుక్కి స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ. అంటే వెన్నుపాములో కండరాలను ఆడించే నరాల కణాలు క్రమంగా నశించిపోయే జన్యు వ్యాధి. రిస్డిప్లాం అనే మందు రోజూ తాగించాలి, అదీ ఏళ్ళ తరబడి. "తాతగారు కట్టిన ఇల్లు అరవై లక్షలు పలుకుతుంది. అమ్మేస్తాను. లేదా తాకట్టు పెట్టుకుని లోను ఇప్పించండి మామయ్యా" అన్నాడు.

నేను కామర్సు చదివినవాణ్ణి. కాగితం, పెన్సిలు తీశాను. పిల్లవాడు 20 కిలోలు దాటాడు కాబట్టి మోతాదు రోజుకు 5 మిల్లీగ్రాములు. సీసాలో ఉండేది 60 మిల్లీగ్రాములు. అంటే ఒక సీసా 12 రోజులు. విదేశీ కంపెనీ సీసా ధర అప్పట్లో 6 లక్షల 20 వేలు. ఏడాదికి కోటీ 86 లక్షలు దాటుతుంది! ఇల్లు అమ్మితే తొమ్మిది సీసాలు, 108 రోజులు. ఆ తరువాత ఇల్లూ ఉండదు, మందూ ఉండదు.

వ్యాపారంలో మూలధనం అమ్మి రోజువారీ ఖర్చులకు వాడటం మొదలుపెడితే దివాలా ఖాయం. కొన్నేళ్ళలో తీరే అప్పుకు వాయిదాలు కట్టొచ్చు కాని, తీరని ఖర్చుకు అప్పు చెయ్యకూడదు. ఈ మాట చెప్పి ఇల్లు అమ్మవద్దన్నాను. అందులో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

నా తప్పు ఆ తరువాతది. "ప్రభుత్వం ఏదో సాయం చేస్తుందటగా మామయ్యా?" అని అడిగాడు. నాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం చేస్తున్నారు. ఆ డబ్బు మన చేతికి ఇవ్వరు. ఇందుకోసం గుర్తించిన ఆసుపత్రిలో పేరు నమోదు చేసుకుంటే, అక్కడి కమిటీ చూసి చికిత్సకు ఖర్చు పెడుతుంది. నేను మళ్ళీ పెన్సిలు తీసి, "50 లక్షలకు ఎనిమిది సీసాలురా. 96 రోజులు. దానికోసం ఎన్నిసార్లు తిరుగుతావు?" అన్నాను. వాడు దస్తావేజులు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫైలు పెట్టలేదు.

ఆనాడు గోడ పట్టుకుని నిలబడే పిల్లవాడు 2025 నాటికి చక్రాల కుర్చీకి వచ్చాడు. ఈ మందు మిగిలిన బలాన్ని కాపాడుతుంది కాని, చచ్చిపోయిన కణాలను తిరిగి బ్రతికించలేదు.

2025 అక్టోబరులో మన హైదరాబాదు కంపెనీ నాట్కో ఇదే మందును తయారు చేసి అమ్మకుండా ఆపటానికి ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి నిరాకరించింది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. నాట్కో ప్రకటించిన ధర సీసా 15,900 రూపాయలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి అదే లెక్క మళ్ళీ వేశాను. 50 లక్షలకు 314 సీసాలు. అంటే పదేళ్ళకు పైగా! అయితే, మా దగ్గర ఫైలే లేదు. జన్యు పరీక్ష రిపోర్టుతో మొదలుపెట్టి, నమోదు, కమిటీ, మంజూరు అన్నీ అప్పుడు ప్రారంభించాం. నెలలు పట్టే పని. ఆ పని 2023లోనే చేసి ఉంటే ధర దిగిన రోజున మా కాగితాలు సిద్ధంగా ఉండేవి.

ఈలోగా మందు ఆగకూడదు కదా. నెలకు సుమారు 40 వేలు కావాలి. బంధువులం ఆరు ఇళ్ళవాళ్ళం కూర్చుని, పిల్లవాడి పేర విడిగా ఒక ఖాతా తెరిచాం. ప్రతి నెలా ఒకటో తారీఖున ఒక్కో ఇంటి నుంచి 6,700 రూపాయలు దానంతట అదే ఆ ఖాతాలోకి వెళ్ళేటట్టు బ్యాంకుకు రాసిచ్చాం. ఎవరూ ఎవరినీ అడగనక్కర లేదు, ఎవరూ చెయ్యి చాచనక్కర లేదు.

పాఠకులకు నా మనవి ఇది. మందు ధర ఎంత భయపెట్టినా ముందు ఫైలు తెరవండి. బెంగుళూరులో ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి, సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ కలిసి ఈ పని చూస్తాయి. చెన్నైలో ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి, ముంబైలో కె.ఇ.ఎం., హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. ఒడిశా, యానాం పాఠకులకు హైదరాబాదే వీలు కావచ్చు. దాతలు ఇలాంటి ఆసుపత్రుల ఖాతాకే నేరుగా విరాళం పంపే ఏర్పాటు కూడా కేంద్ర ప్రభుత్వం చేసింది.

డాక్టరుగారిని మందు అసలు పేరు అడిగి రాసుకోండి. మన దేశంలో తయారవుతోందా అని ఆరు నెలలకోసారి వాకబు చెయ్యండి. విల్సన్ వ్యాధికి వాడే ట్రయెంటిన్ ఖర్చు ఏడాదికి 2 కోట్ల 20 లక్షల నుంచి 2 లక్షల 20 వేలకు దిగిందని 2023లో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. విదేశం నుంచి తెప్పించుకోవలసి వస్తే, ఆ విధానంలో ఉన్న వ్యాధుల మందులకు 2023 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సుంకం మినహాయింపు ఉంది. జిల్లా వైద్యాధికారి సర్టిఫికెట్ తీసుకోవాలి. రిస్డిప్లాం మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు.

ధర ఒక్క తీర్పుతో పడిపోవచ్చు. ఫైలు మాత్రం ఒక్క రోజులో తయారు కాదు. నా లెక్క సరైనదే, సలహా తప్పు. మేనల్లుడు ఈనాటికీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలాంటి అవసరం ఉంటే సంఘం ఆఫీసుకు కబురు చెయ్యండి. కాగితాలు సర్దిపెట్టటానికి ఆదివారాలు నేను వస్తాను.