వెనకాల ఎవరున్నారు?

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో ఒక సంభాషణ ఖాయం. శనివారం రాత్రి నేను సైకిల్ చైన్‌కి నూనె వేస్తూంటాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఈ చలికి కుక్కలు కూడా బయటికి రావు. మీకేం వచ్చిందండీ?" అంటుంది. "కుక్కలు రావనేగా వెళ్తున్నాం" అంటాను. అందులో అబద్ధం లేదు. తెల్లవారుజామున రోడ్డెక్కే సైకిల్ మనిషికి చలికాలం ఇచ్చే పెద్ద సుఖం అదే.

మేం ఏడుగురం. ఒకే కాలనీ కాదు, ఒకే ఆఫీసు కాదు. ఆదివారం నాలుగున్నరకి ఎల్‌బీనగర్‌లో కలవడం, విజయవాడ హైవే పట్టుకుని నకిరేకల్ దాకా వెళ్లి రావడం. ఇంటినుంచి ఇంటికి దాదాపు 200 కిలోమీటర్లు. "ఎందుకూ?" అని అడిగేవాళ్లకి చెప్పడానికి ఒక కారణం ఉంది. బ్రెవే అని ఒకటుంటుంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచెయ్యాలి. మొదటి బహుమతి, రెండో బహుమతి ఏమీ ఉండవు. దారిలో చెప్పినచోట కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనకాల కారు పెట్టుకుని రాకూడదు. పంక్చరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. దానికోసం తయారవుతున్నాం అంటే జనం తలూపుతారు. అసలు కారణం చౌటుప్పల్‌లో వేడివేడి ఇడ్లీ అని చెబితే ఎవరూ నమ్మరు.

చలిలో సైకిల్ తొక్కడం చూసేవాళ్లు అనుకున్నంత కష్టం కాదు. కష్టం ఆగడంలో ఉంది. తొక్కుతున్నంతసేపూ ఒళ్లు వేడిగానే ఉంటుంది, లోపలి బనీను చెమటకి తడుస్తుంది. టీకని పావుగంట నిలబడ్డామా, ఆ తడి బనీనే ఐసుగడ్డలా ఒంటికి అతుక్కుంటుంది. అందుకే పాతవాళ్లు జాకెట్ లోపల ఛాతీకి అడ్డంగా న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకుంటారు. గాలి లోపలికి రానివ్వదు. (ఆన్‌లైన్‌లో చదివే మీకు ఈ సౌకర్యం లేదు, క్షమించాలి.) దాహం కూడా మోసం చేస్తుంది. చలికి నీళ్లు తాగాలనిపించదు, మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి. అన్నిటికన్నా ముందు పోయేవి చేతివేళ్లు. బ్రేకు మీద వేలు ఉందో లేదో చూసుకుంటేగానీ తెలీదు.

గుంపుగా వెళ్లడంలో లాభం ఏమిటంటే గాలిచాటు. ముందువాడు గాలిని కోసుకుంటూ పోతాడు, వాడి వెనక చక్రానికి దగ్గరగా మనం ఉంటే శ్రమ బాగా తగ్గుతుంది. అయిదు నిమిషాలకోసారి ముందువాడు పక్కకి తప్పుకుని చివరికి చేరతాడు. ఒకసారి ఆ చాటు పోయిందా, మళ్లీ అందుకోవడం బ్రహ్మప్రళయం. ఈ ఒక్క ముక్కా మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను చెప్పబోయేది దాని గురించే.

పోయినేడాది డిసెంబరు చివరి ఆదివారం. మాలో అందరికన్నా పెద్దాయన ఒకరున్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన మాతో రావడం అది మూడోసారో నాలుగోసారో. పంతంగి టోల్‌గేట్ దాటేసరికి ఆరున్నర అయివుంటుంది. చెరువుల మీంచి పొగమంచు రోడ్డెక్కేసింది. నాకు కనిపిస్తున్నది ముందున్న సైకిల్ ఎర్రలైటు ఒక్కటే. దాని ముందు ఇంకో నలుగురు ఉన్నారని నమ్మకం, అంతే. నా వెనకాల పెద్దాయన. ఆయన వెనక ఎవరూ లేరు.

చిట్యాలలో టీకి ఆగాం. గ్లాసులు ఏడు చెప్పాం. ఒకటి మిగిలింది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. పది నిమిషాలు చూసి నేనూ ఇంకొకతనూ డివైడర్ సందులోంచి అవతలి రోడ్డుకి మారి వెనక్కి తొక్కాం. పక్కనుంచి బస్సులు, లారీలు. ప్రతి లారీ చప్పుడుకీ ఒక ఆలోచన వచ్చేది, దాన్ని బయటికి అనలేదు. ఓ పది కిలోమీటర్లు పోయాక డివైడర్ అవతల చలిమంట కనిపించింది. టీకొట్టు ముందు ఆయన ఉక్కిరుబిక్కిరిగా కూర్చుని మంటకి చేతులు చాపి ఉన్నారు. పక్కన సైకిల్ తలకిందులుగా పడుంది. పంక్చర్. ట్యూబు మార్చడం ఆయనకి బాగానే వచ్చు. వేళ్లు కొయ్యబారిపోయి టైరు ఊడిరాలేదు. ఆ వేళ్లతోనే ఫోన్ కూడా పనిచెయ్యలేదు.

ఆ టీకొట్టామె మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీరంత ఒక్క గుంపేనా? పెద్దమనిషిని ఇడిసిపెట్టి ఎట్ల పోయిండ్రు బిడ్డా?" అంది.

పెద్దాయనే అడ్డం వచ్చారు. "పొగమంచులో వాళ్లకేం తెలుస్తుందమ్మా" అన్నారు.

నాకు తెలుసు. టోల్‌గేట్ దాటిన కాసేపటికి వెనకనుంచి "తమ్ముడూ" అని ఒక కేక వినిపించింది. వినిపించిందో, అనిపించిందో అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. తల తిప్పితే ముందున్న ఎర్రలైటు పోతుంది. గాలిచాటు పోతుంది. ఒక్క క్షణం ఆలోచించి పెడల్ ఇంకాస్త గట్టిగా తొక్కాను. అదీ జరిగింది.

తర్వాత ఈ సంగతి మీద చదివితే తెలిసింది, ఈ తగువు మాది మాత్రమే కాదని. ఫ్రాన్సులో 1904లో ఆడాక్స్ సవారీలు మొదలుపెట్టినప్పుడు పద్ధతి ఏమిటంటే, గుంపంతా ఒక కెప్టెన్ వెనకాల ఒకే వేగంతో పోవాలి, కలిసే చేరాలి. 1921లో ఎవరి వేగం వాళ్లది అన్న రెండో పద్ధతి వచ్చింది. ఇప్పుడు మన దగ్గర జరిగే బ్రెవేలన్నీ ఈ రెండో రకం. నాకు ఆ రెండో పద్ధతే ఇష్టం, ఇప్పటికీ. నలుగురి వేగానికి నా కాళ్లు కట్టేసుకోవడం నావల్ల కాదు. కానీ కార్డు పట్టుకుని ఒంటరిగా బయల్దేరినవాడి సంగతి వేరు, "రండి సార్, మేమున్నాంగా" అని పిలిచి తీసుకెళ్లిన మనిషి సంగతి వేరు. ఆయన్ని పిలిచింది నేనే.

ఈ చలికాలం మా గుంపులో కొన్ని మార్పులు జరిగాయి. పెద్దాయన ముందునుంచి రెండో స్థానంలో ఉంటారు, గాలి ఆయనకి తగలదు, ఆయన వేగమే అందరి వేగం. గంటకి రెండు మూడు కిలోమీటర్లు తగ్గింది. ఇద్దరు కుర్రాళ్లు గొణిగారు, ఒకడు మానేశాడు కూడా. వాడి బదులు ఇంకొకడు దొరికాడు. మంచు పడితే ఊరు దాటినప్పుడల్లా ముందునుంచి అంకెలు అరుస్తాం. ఒకటి, రెండు, మూడు... చివరి అంకె నాది. గాలి కోసే వంతు నాకొచ్చినప్పుడు కూడా ముందుకి రానివ్వకుండా ఒకరిద్దరు వాదించారు, ఎప్పుడూ నువ్వే చివర ఎందుకు అని. నాకు వెనకే బాగుంటుందని చెప్పాను.

మొన్న ఆదివారం చిట్యాల దగ్గర టీ తాగుతూ పెద్దాయన, "నీ కాలమ్ మావాళ్లు ఫోన్‌లో పంపిస్తుంటారయ్యా, వదలకుండా చదువుతా. మన సైకిళ్ల గురించి ఎప్పుడు రాస్తావు?" అని అడిగారు.

వచ్చేవారం సార్, అన్నాను.